మా నాయన చెప్పిన నీలం దుప్పటోడి కథ

మొన్నొక పొద్దున కాడుగోడి మార్కెట్టులో చింతచిగురు ఏరుకుంటుంటే వెనకనుంచి ఎవరో నా జడ పట్టి లాగారు. సగం నెరిసిన ఈ జడను లాగే చనువు ఈ ఊళ్ళో ఎవరికుందబ్బా అని విసురుగా తిరిగి చూస్తే, మేరీరత్నమ్మక్క. ఒకప్పుడు బొమ్మనహళ్ళిలో మా వఠారం చివరి ఇంట్లో అద్దెకుండిన నర్సు. తల ముగ్గుబుట్టయింది గానీ ఆ నవ్వు మాత్రం అట్లాగే ఉంది. "డ్రైవరు నాగప్పగారి పాపవే కదూ నువ్వు? నాన్న ఎలా ఉన్నారమ్మా?" అని అడిగింది. నాయన పోయి ఏడాది దాటిందని చెప్పాను. ఆమె కూరగాయల సంచీ కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. "పరలోకంలో ప్రభువు ఒకటి చెబుతా ఉంటే, పక్కన నిలబడి మీ నాన్న జనానికి ఇంకోటి చెబుతా ఉంటాడు. చూడు, అందరూ ఆయన చెప్పేదే వింటా ఉంటారు" అంది. చింతచిగురు అమ్మే ఆమె మమ్మల్ని వింతగా చూసేదాకా ఇద్దరం నవ్వుతూ అక్కడే నిలబడ్డాం. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

వఠారమంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో బండలు పరిచిన సందు, సందు మొదట్లో అందరికీ కలిపి ఒకటే కొళాయి, మేం నల్లి అనేవాళ్ళం. హోసూరు రోడ్డుకు కాస్త లోపలగా, గార్మెంట్ షెడ్ల వెనక ఉండేది మాది. పగలంతా ఆ షెడ్లలోంచి ఇస్త్రీ ఆవిరి వాసన, కొత్త గుడ్డ వాసన వచ్చేవి. కదిరి, హిందూపురం, మదనపల్లె వైపునుంచి ఈ కన్నడ సీమకు బతకడానికి వచ్చినవాళ్ళే అందరూ. మగవాళ్ళు ఎక్కువమంది ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోతే, ఆడవాళ్ళు గార్మెంట్స్‌కు పోయేవాళ్ళు. మా నాయన లారీ డ్రైవరు. సోమవారం చీకటితో బయలుదేరితే మళ్ళీ శనివారం సాయంత్రమే ఇల్లు చేరేది. ఆయన సందు మొదట్లోకి వచ్చాడంటే ముందు డీజిలు వాసన వచ్చేది, తర్వాత వక్కపొడి వాసన, ఆ తర్వాత ఆయన. కిటికీ మీద ఆనించి తోలే కుడి చెయ్యి ఒక్కటే మాడి నల్లగా ఉండేది, ఎడమ చెయ్యి మామూలు రంగే. అమ్మ ఆయనతో ఒక్క మాట మాట్లాడక ముందే నీళ్ళు కాచేది. ఖాకీ చొక్కాను సోడాలో నానబెట్టి, ఆ నల్లటి నీళ్ళు పారబోస్తూ, "ఎన్ని ఊర్ల మన్ను తెచ్చినావప్పా" అనేది. ఆమెకు తెలిసిన సరసం అంతవరకే.

ఆదివారం ఇంట్లో రాగి సంగటి, కోడి పులుసు. రోట్లో ఊరుబిండి పచ్చడి నూరుతున్నప్పుడు లేచే వేయించిన శనక్కాయల వాసనకు సందులో పిల్లలంతా మా గుమ్మం దగ్గరికి చేరేవాళ్ళు. వాసనకు కొంత, టీవీకి కొంత. వఠారం మొత్తానికి టీవీ ఉన్నది మా ఇంట్లోనే. తలుపులు మూసుకునే చెక్క పెట్టెలో బ్లాక్ అండ్ వైట్ టీవీ. దాన్ని నాయన గుమ్మం దాకా జరిపి, మొహం సందువైపు తిప్పేవాడు. గోడకు మేకు కొట్టి తగిలించిన అద్దంలో గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని టీవీ పక్కన నిలబడేవాడు. గుళ్ళో పూజారి కూడా అంత శుభ్రంగా తయారయ్యేవాడు కాదు. ఎందుకంటే ఆ మధ్యాహ్నం వచ్చేది హిందీ సీరియల్. మా వఠారంలో హిందీ తెలిసినవాడు నాయన ఒక్కడే. షోలాపూరు, నాగపూరు దాకా లారీ తోలినవాడు. సీరియల్‌లో ఎవరు నోరు తెరిచినా వెంటనే దాన్ని తెలుగులో చెప్పడం ఆయన పని.

ఆకాశంలో ఎగిరే ఒక వీరుడి కథ అది. వాడికి హిందీలో పెద్ద పేరే ఉండేది గానీ మాకు నోరు తిరగలేదు. వీపు వెనక రెపరెపలాడే గుడ్డ ఒకటి కట్టుకునేవాడు కాబట్టి నీలం దుప్పటోడు అన్నాం. బ్లాక్ అండ్ వైట్ టీవీలో అది నీలమని ఎట్లా తెలిసిందంటే, నాయన చెప్పాడు. అంతే, ఇంకెవరూ అడగలేదు. దుప్పటోడు మామూలప్పుడు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. కళ్ళజోడు పెట్టుకుని, తల వంచుకుని, అందరి చేతా మాటలు పడుతూ ఉండేవాడు. వాళ్ళ నాయన రిటైరైన స్టేషన్ మాస్టరు, మీసాలాయన. కొడుకు చేతగానివాడని, పిరికివాడని ఆయన బాధ. ఊరిని కాపాడే దుప్పటోడి గురించి పేపర్లో చదివి, "కొడుకంటే అట్లుండాల" అని కన్నకొడుకు ముందే అనేవాడు. కొడుకేమో నోరు విప్పి చెప్పకూడదు. దొంగల ముఠా నాయకుడికి కూడా ఒక కూతురు ఉండేది. వాడు బయట ఎన్ని ఘోరాలు చేసినా ఇంటికొచ్చి ఆ పిల్లకు జడ వేసేవాడు. ఎగరడాలూ కొట్టుకోవడాలూ పిల్లల కోసం. మా వఠారంలో పెద్దవాళ్ళు పని మానుకుని కూర్చున్నది మాత్రం ఈ ఇద్దరు నాయనల కోసం.

మా నాయన చెప్పే తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. స్టేషన్ మాస్టరుకు ఒక గొంతు, దొంగకు ఒక గొంతు, దుప్పటోడికి మాత్రం ఆయన సొంత గొంతు. ఒక చేత్తో యాంటెనా వైరు సరిచేస్తూనే మాట తప్పిపోకుండా అందుకునేవాడు. "ఇదో, ఈ మీసాలాయప్ప ఏమంటాండాడంటే, ఒరే నాయనా, నిన్న నీకు జొరమొచ్చిండాది గదా, ఈ పొద్దు ఆపీసుకు ఏంటికి పోతావురా అంటాండాడు." తెరమీద మీసాలాయన పళ్ళు కొరుకుతూ ఉండేవాడు, అయినా మాకు ఆ జ్వరం మాటే వినబడేది. దొంగ జడ వేస్తున్నప్పుడు, "వీడు దొంగ నాకొడుకే, కానీ ఆ పాయలు తీసేది సూడండి, ఎంత నెమ్మదిగా తీస్తాండాడో" అనేవాడు. ఆ వారం తర్వాత ఆయనకూ బుద్ధి పుట్టి, ఒక ఆదివారం నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేశాడు. రిబ్బనుకు లారీ మీద టార్పాలిన్ కట్టే ముడి వేశాడు. మర్నాడు బళ్ళో ఇద్దరు టీచర్లు కలిసి పీకినా ఆ ముడి రాలేదు. సాయంత్రం అమ్మ కత్తెరతో కోసింది. నేను ఆ రిబ్బను ముక్కను బళ్ళో అందరికీ చూపించి, ఇది మా నాయన వేసిన ముడి అని గొప్పలు పోయాను.

సీరియల్ చివర్లో దుప్పటోడు నేరుగా తెరలోంచి మావైపు చూసి పిల్లలకు బుద్ధులు చెప్పేవాడు. "పిల్లలూ, నల్లి కాడ బిందెలకు కొట్లాడొద్దండి" అనేవాడు. "ముసిలోళ్ళు నడిచే దావలో చెప్పులు ఇడవొద్దండి" అనేవాడు. మా వఠారం పిల్లలు మెడలకు దుప్పట్లు కట్టుకుని మిద్దె మీదనుంచి దూకడానికి తయారైన వారం, "నేను ఎగిరేది ఉత్తిదే, నాకు పైన తాడు కట్టినారు, మీరు దూకితే కాళ్ళిరుగుతాయి, మీ నాయన నన్ను తిడతాడు" అని దుప్పటోడే ఒప్పుకున్నాడు. ఎక్కడో ఢిల్లీలోనో బొంబాయిలోనో ఉండే వీరుడికి మా నల్లి గొడవ ఎట్లా తెలిసిందా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. మా అందరినీ పైనుంచి చూస్తున్నాడనే అనుకున్నాం. ఆ వీరుడి మాటలు మోసేవాడు మా నాయన. నేను ఎప్పుడూ ఆయన కాళ్ళ దగ్గర, అందరికంటే ముందు కూర్చునేదాన్ని. ఆ చోటు నాదని ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలుసు.

నిజం నాకు తెలిసింది రంగుల వల్ల. బళ్ళో నాతో చదివే ఒకమ్మాయి వాళ్ళింటికి ఒక ఆదివారం పుట్టినరోజుకని పోతే, వాళ్ళ కలర్ టీవీలో అదే సీరియల్ వస్తోంది. దుప్పటోడి దుప్పటి కుంకుమ ఎరుపు. నోట్లో కేకు అట్లాగే ఉండిపోయింది నాకు. అప్పటికి బళ్ళో మూడో భాషగా హిందీ చెబుతున్నారు. అంతా కాకపోయినా ముక్కలు ముక్కలుగా అర్థమవుతోంది. చివర్లో వీరుడు పిల్లలకు చెప్పింది పాలు తాగమని, పళ్ళు తోముకోమని. అందులో నల్లి లేదు, చెప్పులు లేవు. మీసాలాయన మాటల్లో జ్వరం అనే మాటే లేదు, ఉన్నవన్నీ తిట్లే. నాయనకు వచ్చిన హిందీ డీజిలు, పంక్చరు, చాయ్, చెక్‌పోస్టు దాకానే. ఆ సీరియల్‌లో మాట్లాడే పుస్తకాల హిందీ ఆయనకూ మాలాగే అర్థం కాలేదు. ఇంటికొచ్చి, ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మకు ఈ సంగతంతా చెప్పాను. ఆమె కత్తిపీట మీదనుంచి తల ఎత్తలేదు. "నోరు మూసుకోని ఉండు పాపా. వారమంతా ఆయనతో మాట్లాడేది ఆ లారీ ఇంజనొక్కటే. ఆదివారం ఒక పూట నలుగురూ కూసోని ఆయన మాట వింటాండారు. ఆ పూట ఆయన దగ్గర లాక్కోవాకు" అంది. నేను లాక్కోలేదు. కానీ ఆ రోజునుంచి ఆదివారమంటే గుండెలో బెరుకు మొదలైంది. నాకు తెలిసినట్టే ఇంకెవరికైనా తెలిస్తే, నవ్వితే, మా నాయన ఆ తువ్వాలు తీసేసి పక్కకు జరగాల్సి వస్తుందే అని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేరీరత్నమ్మక్క చివరి ఇంట్లో దిగింది. ఒంగోలు వైపు మనిషి. బొమ్మనహళ్ళికి దగ్గరలోని ఒక ఆస్పత్రిలో నర్సు. సామాన్లు దించుతూ మాటల్లో, అంతకుముందు చాలా ఏళ్ళు ఢిల్లీలో పనిచేశానని చెప్పింది. అంతే, నా ప్రాణం పోయింది. ఆమె ఇల్లు సర్దుకుంటున్నంతసేపూ నేను సాయం పేరుతో చుట్టూ తిరిగి ఆమె డ్యూటీలు కనుక్కున్నాను. ఆదివారం పగలు డ్యూటీ అని తెలిసిన వారం దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. సెలవని తెలిసిన వారం, మా టీవీ చెడిపోయిందని చెప్పాను. ఇంకో వారం, సీరియల్ టైము మారిందన్నాను. ఆమె ఆదివారం చర్చికి పోయి వచ్చి నిద్రపోయేది కాబట్టి కొన్నాళ్ళు నా అబద్ధాలు సాగాయి. దుప్పటోడు ఊరిని కాపాడితే, నేను దుప్పటోడి నోటిని కాపాడుతున్నానని నాలో నేనే అనుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా అప్పుడే జరిగింది. మా ఎదురింటి ఓబులేసు మామ బేల్దారి మేస్త్రి. నాయనకు ప్రాణ స్నేహితుడు. మంచి పనివాడు, మంచి కోపిష్ఠి. ఆయన కొడుకు రమేశన్న, నాకు తాపీ పని వద్దు, హోసూరులో మెకానిక్ పని నేర్చుకుంటానన్నాడు. తాతల కాలంనుంచి చేతిలో ఉన్న తాపీని కాదంటావా అని మామ రేగిపోయాడు. వఠారమంతా చూస్తుండగా చెయ్యి చాచి, "పో, మళ్ళీ నా గడప తొక్కితే చూడు" అన్నాడు. రమేశన్న నిజంగానే సంచీ భుజాన వేసుకుని పోయాడు. ఆ తర్వాత మామ నల్లి దగ్గర కూడా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన భార్య లక్ష్మీదేవత్త వంట చేసి, ముగ్గురికి పెట్టినట్టే కంచాలు పెట్టి, ఒకటి తీసేసేది. ఆదివారం మాత్రం మామ వచ్చి వెనక గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దుప్పటోడిని చూసేవాడు. నాయన ఆయన వైపు చూడనట్టే చూసేవాడు.

ఆ ఆదివారం సీరియల్‌లో పెద్ద ఘట్టం. పార్సిల్ ఆఫీసులో దొంగలు పడినప్పుడు కొడుకు బల్లకింద దాక్కున్నాడని స్టేషన్ మాస్టరుకు ఎవరో చాడీ చెప్పారు. నిజానికి కొడుకు దుప్పటి కట్టుకుని అదే దొంగలను తరుముతున్నాడు. సందు నిండా జనం. టీవీ పెట్టబోతుండగా మేరీరత్నమ్మక్క చర్చి చీరతోనే వచ్చి, "ఏం పాపా, టీవీ బాగయిందా?" అని నా పక్కనే కూర్చుంది. నాయన తువ్వాలు సర్దుకుని మొదలుపెట్టాడు. కొడుకు ఇంటికొచ్చాడు. మీసాలాయన కుర్చీలోంచి లేచాడు. చాలాసేపు ఏదో అరిచాడు. ఆ తర్వాత చెయ్యి చాచి తలుపువైపు వేలు చూపించాడు. ఎర్రబడ్డ కళ్ళు. నలుపు తెలుపుల్లో కూడా ఆ కళ్ళు ఎర్రగానే కనిపించాయి.

నాయన చూపు వెనక గోడవైపు పోయింది. గోడకు ఆనుకున్న ఓబులేసు మామ మోకాళ్ళ మీదనుంచి చేతులు తీసి కింద పెట్టుకున్నాడు. నాయన గొంతు సవరించుకుని చెప్పాడు. "ఒరే అబ్బోడా, నువ్వు ఏందో దాచిపెడతాండావు, అది నాకెరుకే. చెప్పొద్దులే. నాకు కోపమెక్కువ, నోరు మంచిది కాదు, ఏందేందో అనేస్తా. అదో, ఆ తలుపు చూడు. నేనేమన్నా సరే, ఆ తలుపు తెరిచే ఉంటాది. నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రా. వచ్చి అన్నం తిను అంటాండాడప్పా."

"అయ్యో, అది కాదన్నా!" అనేసింది మేరీరత్నమ్మక్క. నోరు జారిపోయింది పాపం, చెడ్డ మనసుతో కాదు. "ఆయన కొడుకుని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంటున్నాడు. నువ్వు నాకు కొడుకువే కాదు, చచ్చిపోయావనుకుంటాను అంటున్నాడు."

టీవీలో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు, చెప్పేవాళ్ళు లేరు. నేను నాయన మొహం చూడలేక ఆయన పాదాలు చూస్తూ కూర్చున్నాను. ఆ పాదాలు ఒక అడుగు వెనక్కి వేశాయి. నేనిన్నాళ్ళూ భయపడింది దీనికే. అప్పుడు వెనకనుంచి ఓబులేసు మామ గొంతు వినబడింది. చాలా రోజుల తర్వాత ఆయన నలుగురిలో మాట్లాడటం అదే.

"ఆ ఏలు జూస్తే మాకు తెలీదామ్మా, పొమ్మంటాండాడని? మేమేమన్నా గుడ్డోళ్ళమా? ఇన్ని వారాల్నుంచి చూస్తాండాము. ఆ మీసాలాయప్ప మొగంలో ఒక్కనాడన్నా జొరం మాట ఉండిందా?" ఆయన గోడ వదిలి ముందుకు జరిగాడు. "పొమ్మనే మాట చెప్పేకి టీవీ ఏంటికి సిస్టరమ్మా. ఆ మాట నేనే అన్యా, ఈ సందులోనే అన్యా, అందరూ విన్యారు. నాగప్పా, ఆ తలుపు మాట చెప్పినావే, అది ఇంకోతూరి చెప్పప్పా."

ఎవరూ నవ్వలేదు. గార్మెంట్స్‌లో పనిచేసే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేరీరత్నమ్మక్క మొహం కందిపోయింది. ఆమె చప్పున లేచి, "తప్పయిపోయిందన్నా, మీరు చెప్పండి, నేనూ వింటాను" అంది. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వెనక్కి వేసిన అడుగు ముందుకు వేసి, తలుపు తెరిచే ఉంటుందని మళ్ళీ చెప్పాడు. ఈసారి మీసాలాయన గొంతుతో కాదు, తన సొంత గొంతుతోనే చెప్పాడు. వఠారానికంతా మొదటినుంచీ తెలుసని, తెలిసే వింటున్నారని నాకు అప్పుడు అర్థమైంది. టీవీలో ఉన్న కథ అందరూ చూస్తూనే ఉన్నారు. వాళ్ళకు కావలసిన కథ నాయన దగ్గర ఉంది. అంతమంది మధ్యలో, ఆ బండల మీద కూర్చుని, ఈయన మా నాయన అని నేను పొంగిపోయాను. తర్వాత బతుకులో మెడలో దండలు పడిన రోజులు రెండు మూడు ఉన్నాయి గానీ ఆ పొంగు మళ్ళీ రాలేదు.

ఓబులేసు మామ తర్వాతి ఆదివారం సీరియల్‌కు రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని హోసూరు బస్సెక్కాడు. సాయంత్రం ఒంటరిగానే తిరిగొచ్చి, "పని బాగానే నేర్చుకుంటాండాడు" అని మాత్రం అన్నాడు. ఉగాదికి రమేశన్న వచ్చి, ఓళిగలు తిని, మామ పాత సైకిలు బాగుచేసి వెళ్ళాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మేరీరత్నమ్మక్క మాత్రం ఆ రోజునుంచి డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చేది. హిందీ అంతా అర్థమవుతున్నా నాయన నోటివైపే చూసేది. నాయన మరీ ఎక్కువ కోతలు కోస్తే నా వీపు మీద గిల్లి, కొంగులో నవ్వుకునేది.

ఇప్పుడు నేనుండేది బ్రూక్‌ఫీల్డ్‌లో. మా అబ్బాయి ఒక గదిలో, అమ్మాయి ఒక గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలా ఒక తెరమీద తలా ఒక వీరుణ్ణి చూస్తుంటారు. ఏ దేశపు వీరుడు మాట్లాడినా కింద అక్షరాలు పడతాయి. ఎవరేమన్నారో పొల్లుపోకుండా తెలిసిపోతుంది. పిల్లలకు తెలియని భాష అంటూ మిగల్లేదు. నేను దానికి ఏడవను, అసూయపడతాను. ఆ తెలివి మాకుంటే పాలు తాగమన్న మాట మాకూ తెలిసేది. కానీ మా పిల్లలు పక్కవాణ్ణి చూసి, "ఏమంటాండాడప్పా?" అని అడగాల్సిన అవసరం లేకుండా పెరిగారు. మేం ప్రతి ఆదివారం అడిగి పెరిగాం. అడిగిన ప్రతిసారీ ఒక మనిషి, వారమంతా లారీలో ఒంటరిగా తిరిగి, మా కోసం ఏం దాచుకొచ్చాడో అది చెప్పాడు. ఏది మేలని నన్ను అడిగితే, నేను నాగప్ప కూతురిని, నా తీర్పు నమ్మొద్దంటాను.

అందులోనూ నా పని ఇంకోటి. చదువు అయ్యాక హిందీ పరీక్షలు వరసగా పాసై, హిందీ సీరియళ్ళకు తెలుగు మాటలు రాసే పనిలో చేరాను. "మా ఇంట్లో రెండో తరం" అని నాయన ఎగతాళి చేసేవాడు. రెండువేల సంవత్సరం దాటాక పిల్లల సీరియల్ ఒకటి నాకిచ్చారు. అది కూడా ఎగిరే వీరుల కథే, కాకపోతే ఈసారి ఎగిరేది అమ్మాయి. ఆమె నాయన పెద్ద శాస్త్రవేత్త. కూతురు ఎగరడం ఆయనకు ఇష్టముండదు. ఒక భాగంలో ఆయన కూతురితో, నిన్ను నా కూతురని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను అంటాడు. ఆ వాక్యం దగ్గర నా కలం చాలాసేపు ఆగిపోయింది. నాయన గొంతు చెవిలో మోగింది. తలుపు, అన్నం, జ్వరం అన్నీ గుర్తొచ్చాయి. కానీ నాకిచ్చిన పని ఉన్న మాటను ఉన్నట్టు చెప్పడం. ఆ నాయన అన్నదే, అంత కటువుగానే రాశాను.

అది టీవీలో వచ్చిన ఆదివారం నేను బొమ్మనహళ్ళికి పోయాను. నాయన మోకాళ్ళ నొప్పులతో లారీ మానేసి అప్పటికి చాలా రోజులైంది. వఠారంలో అందరికీ కలర్ టీవీలు వచ్చేశాయి, అయినా పాప రాసిందని అందరినీ మా ఇంటికే పిలిచాడు. నున్నగా గడ్డం గీసుకుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. సీరియల్ మొదలవగానే అలవాటుగా లేచి టీవీ పక్కన నిలబడ్డాడు. టీవీ తెలుగులో మాట్లాడుతోంది. కాసేపు చూసి, ఏమీ అనకుండా వచ్చి జనం మధ్యలో చాప మీద కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చుని చూడగా నేను ఎన్నడూ చూడలేదు. శాస్త్రవేత్త కూతురిని ఆ మాట అన్నాడు. నేను రాసిన మాట, అక్షరం తేడా లేకుండా గది నిండా పడింది. పూర్తిగా తల నెరిసిన ఓబులేసు మామ మెల్లగా నాయనవైపు తిరిగాడు.

"నాగప్పా, ఏమంటాండాడప్పా వాడు?"

కొందరు కిసుక్కున నవ్వారు గానీ మామ నవ్వలేదు, నిజంగానే ఎదురుచూస్తున్నాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే నాయనవైపు తిరిగారు. నేనూ తిరిగాను. ఆయన ఏదో ఒక మెత్తని మాట చెప్పేస్తే బాగుండునని ఒక పక్క ఉంది. చెబితే నా రాత ఏమైపోతుందోనని ఇంకో పక్క ఉంది. నాయన టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తి ఓబులేసు మామను ఊరుకోమన్నాడు.

"తెలుగులోనే చెప్పె గదా, విన్యావు గదా. సుమ్నే ఉండప్పా. మా పాప చెప్పినాంక ఇంక దాని మీద నేను చెప్పేదేముండాది?"